డ్యూటీ దిగినా దిగని ఒత్తిడి

మధ్యాహ్నం రెండింటికి ఫస్ట్ షిఫ్ట్ వదులుతుంది. ఆ తర్వాత కాసేపు భిలాయ్ పవర్ హౌస్ మార్కెట్లో నిలబడితే, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో కూరగాయల సంచి పట్టుకుని షేర్ ఆటో కోసం చూసే ఆడవాళ్లు కనబడతారు. ఆసుపత్రి నర్సులు, ఆయాలు, ఉక్కు ప్లాంటులో ఠేకేదారు కింద ఊడ్చి తుడిచేవాళ్లు, సెక్టార్ల క్వార్టర్లలో ఇంటి పనులు ముగించుకుని ఖుర్సీపార్‌కో క్యాంప్‌కో తిరిగెళ్లేవాళ్లు, బట్టల కొట్లో పొద్దుటి నుంచి నిలబడి చీరలు పరిచి చూపించి భోజనానికి ఇంటికి పరుగెత్తేవాళ్లు. ఆటోలో సీటు దొరికీ దొరకగానే ఒళ్లోని ఫోను మోగుతుంది. బియ్యం కడిగి పెట్టమని కూతురికి, బీపీ మాత్ర వేసుకున్నారా అని అత్తగారికి, ఫీజు రేపు కడతానని ట్యూషన్ మాస్టారికి, కిస్తీ డబ్బులు సాయంత్రం ఇస్తానని గ్రూపు లీడరుకి చెబుతుండగానే దిగాల్సిన చోటు వచ్చేస్తుంది.

హాజరు పుస్తకంలో ఆమె డ్యూటీ అయిపోయింది. ఒంటికి మాత్రం ఆ కబురు అందలేదు. ఉద్యోగం చేసే ఆడవాళ్ల మానసిక ఆరోగ్యం గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. పని ఎంత కష్టమన్నది ఎంత ముఖ్యమో, పని అయ్యాక ఒళ్లు కిందికి దిగుతోందా లేదా అన్నదీ అంతే ముఖ్యం.

ఒళ్లు దిగడమంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను. మూత్రపిండాల మీద చిన్న టోపీల్లా అడ్రినల్ గ్రంథులుంటాయి. సూపర్‌వైజర్ అరిచినా, రోడ్డు మీద లారీ మీదికొచ్చినట్టనిపించినా అవి క్షణాల్లో అడ్రినలిన్‌ను వదులుతాయి. నరాల చివర్ల నుంచి నార్ అడ్రినలిన్ వస్తుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది. ఆ వెనకాలే మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ మళ్లీ అడ్రినల్‌కి కబురు పంపితే కార్టిసాల్ బయలుదేరుతుంది. ఇది నిదానం. ఇరవై ముప్పై నిమిషాలకు గానీ పూర్తిగా పైకి రాదు. రక్తంలోకి చక్కెర వదిలి శక్తినిచ్చేది ఇదే. నిజానికి కార్టిసాల్ మనకు శత్రువేమీ కాదు. తెల్లవారి నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో అది రోజు మొత్తంలోకెల్లా ఎక్కువగా ఉంటుంది, మనల్ని మంచం దింపి పనిలో పెడుతుంది. తర్వాత పొద్దు గూకేకొద్దీ తగ్గుతూ నడిరాత్రికి అడుగు తాకుతుంది. చిక్కల్లా ఆ తగ్గుదల సరిగా జరగనప్పుడే. సాయంత్రమైనా కిందికి రాకపోతే నిద్ర పలచబడుతుంది, చిన్న మాటకే చిరాకొస్తుంది, తిండి యావ పెరుగుతుంది, నెలలు గడిచేకొద్దీ రక్తపోటు, చక్కెర, దిగులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

స్వీడన్‌లో మరియన్నె ఫ్రాంకెన్‌హాయిజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి వోల్వో కంపెనీలో పనిచేసే స్త్రీ పురుషుల మీద ఒక పరిశోధన చేసి 1989లో ప్రచురించింది. పగలు ఆఫీసులో ఉన్నంతసేపూ మేనేజర్లు ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఒత్తిడి లెక్కలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. తేడా అంతా సాయంత్రం అయిదు దాటాక వచ్చింది. మగ మేనేజర్లలో నార్ అడ్రినలిన్ జారిపోయింది. ఆడ మేనేజర్లలో తగ్గకపోగా ఇంకా పెరిగింది. వాళ్లకు కారుంది, ఇంట్లో వాషింగ్ మెషీనుంది, మంచి జీతముంది. అయినా ఇంటి తలుపు తీయగానే రెండో డ్యూటీ మొదలైంది. మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనికి ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. ఆ అయిదు గంటలు ఆఫీసుకి వెళ్లేవాళ్లకైనా పూర్తిగా మాఫీ కావని ఈ వ్యాసం చదివే ప్రతి ఇల్లాలికీ తెలుసు.

అందుకని మొదటి సలహా చాలా చిన్నది, అమలు చేయడమే కష్టం. డ్యూటీకీ ఇంటికీ మధ్య ఒక ఇరవై నిమిషాలు మీ పేర రాసి పెట్టుకోండి. ఆ ఇరవై నిమిషాలు విశ్రాంతి కాదు, దిగుడు మెట్లు. ఆటో ఒక స్టాపు ముందే దిగి నడవొచ్చు. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని టీ గ్లాసుతో అరుగు మీద కూర్చోవచ్చు. మెల్లగా ఊపిరి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదులుతూ కొంతసేపు ఉంటే గుండె వేగం తగ్గడం మీకే తెలుస్తుంది. కోనేరు, గుడి, జపమాల, ఏదైనా సరే. ఆ సమయంలో చేయకూడనిది ఒకటుంది. ఫోనులో వాట్సాప్ గ్రూపులు చూడకండి. సూపర్‌వైజరు పెట్టిన రేపటి రోస్టరు, చుట్టాల గొడవలు, వార్తల్లో ఘోరాలు, ఇవన్నీ ఒంటిని మళ్లీ మెట్లెక్కిస్తాయి.

ఒక గది, ఒక వంటిల్లు ఉన్న ఇంట్లో ఇరవై నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి తల్లీ అంటారు. నిజమే. ఇంట్లో చోటు లేకపోతే దారిలో దొరికించుకోవాలి. కొందరు మార్కెట్ పని పొద్దున్నే ముగించుకునో, ఇంట్లో మగవాళ్లకు అప్పజెప్పో, డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు చేతిలో సంచి లేకుండా చూసుకుంటారు. ఇది మంచి పద్ధతి. చేతిలో బరువు ఉంటే నడక కూడా పనే అవుతుంది. ఇంట్లో వాళ్లకు మాత్రం ముందే చెప్పాలి. చెప్పకుండా అరుగు మీద కూర్చుంటే అలిగిందనుకుంటారు. "అత్తమ్మా, నేను వచ్చాక ఒక్క టీ తాగేదాకా ఏమీ అడక్కండి, తర్వాత అన్నీ చూసుకుంటాను" అని ఒకసారి నెమ్మదిగా చెబితే చాలా ఇళ్లలో పనవుతుంది. పిల్లలకైతే గడియారంలో ముల్లు చూపించి చెప్పండి. వాళ్లు మనకంటే నియమంగా పాటిస్తారు.

భర్తతో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. సాయం చేయమని అడగకండి. సాయమంటే చేసినవాడి దయ, చేయకపోతే అడిగినవారిదే తప్పు. పని పంచండి. ఉక్కు ఊళ్లో ఇళ్లకు ఒక సౌకర్యముంది, షిఫ్టుల లెక్క ఇక్కడ పసిపిల్లకు కూడా తెలుసు. గోడ క్యాలెండర్ మీద మీ షిఫ్టు ఒక రంగుతో, ఆయన షిఫ్టు ఒక రంగుతో రాయండి. "బావా, నీకు సెకండ్ షిఫ్ట్ పడిన వారం పొద్దుట టిఫినూ, పిల్లల స్కూలూ నీవి. నాకు నైటు పడినప్పుడు రాత్రి వంట నీది" అని క్యాలెండర్ ముందు నిలబడి మాట్లాడితే అది వాదన కాదు, రోస్టరు. రోస్టరు ధిక్కరించడం ప్లాంటులో పనిచేసినవాడికి అలవాటు లేదు. అన్నం కాస్త మెత్తబడినా, చపాతీలు వంకరగా వచ్చినా మాట అనకండి. మీరు మళ్లీ గరిటె లాక్కున్న రోజున ఆ పంపకం ముగిసినట్టే.

ఇక వయసుల సంగతి. ఒత్తిడి హార్మోన్లు ఆడవాళ్ల ఒంట్లో ఒంటరిగా పనిచేయవు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ ఎక్కుతూ దిగుతూ ఉంటే వాటి ప్రభావం మెదడు మీద, కార్టిసాల్ మీద పడుతూనే ఉంటుంది. చిన్నప్పుడు ఆడపిల్లల్లో, మగపిల్లల్లో దిగులు జబ్బు దాదాపు సమానం. పెద్దమనిషి అయ్యే వయసు దాటాక ఆడవాళ్లలో అది మగవాళ్ల కంటే సుమారు రెట్టింపు అవుతుంది. ఇందులో హార్మోన్ల పాలు ఎంత, ఆడపిల్లగా పడే అడ్డంకుల పాలు ఎంత అని విడదీయడం తేలిక కాదు. నా మటుకు రెండోదాన్ని తక్కువ చేయను. ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. 1995కు ముందు ఒత్తిడి మీద జరిగిన ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లలో ఆడవాళ్లు 17 శాతమే అని షెల్లీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2000లో ఎత్తిచూపింది. అంటే చాలాకాలం మగవాళ్ల ఒంటిని చూసి మనకు సలహాలు చెప్పారు. ఒత్తిడిలో పోరాడడమో పారిపోవడమో తప్ప దారి లేదన్నది ఆ పాత పాఠం. పిల్లల్ని దగ్గరికి తీసుకోవడం, తోటివాళ్లతో కలవడం కూడా ఆడవాళ్లలో ఒత్తిడికి సహజమైన స్పందనే అన్నది టేలర్ వాదన. పక్కింటి వదినతో గోడ మీదుగా మాట్లాడే పావుగంట వృథా కాదని దీని అర్థం. ఆ మాటలన్నీ ఒకే బాధను తిప్పి తిప్పి తవ్వుకోవడమైతే మాత్రం దిగులు పెరుగుతుంది. కాసేపు చెప్పుకుని, తర్వాత వేరే విషయంలోకి వెళ్లడం నేర్చుకోవాలి.

మొదటి ఉద్యోగంలో చేరే ఇరవై ఏళ్ల అమ్మాయికి పెద్ద ఒత్తిడి పని భారం కాదు, పని మీద తనకు అదుపు లేకపోవడం. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లో చెప్పిన మాట ఇప్పటికీ నిలబడుతోంది. పని ఎక్కువగా ఉండి, దాన్ని ఎప్పుడు ఎలా చేయాలన్నది మన చేతిలో లేకపోతే ఆ ఉద్యోగం మనిషిని తినేస్తుంది. అందుకే జీతం అడిగినంత గట్టిగా ఇవి కూడా అడగండి: రోస్టరు ఎన్ని రోజుల ముందు చెబుతారు, వారపు సెలవు ఏ రోజు, బాత్రూముకి వెళ్లడానికి ఎవరినైనా అడగాలా, కొట్లో కూర్చోవడానికి స్టూలు ఉందా. చివరి రెండూ సిల్లీగా అనిపించవచ్చు. నెలసరి రోజుల్లో పన్నెండు గంటలు నిలబడ్డ పిల్లనడిగితే అవెంత పెద్దవో చెబుతుంది. నెలసరికి వారం పది రోజుల ముందు నుంచీ ప్రతి నెలా ఏడుపు, కోపం, బతుకు మీద విరక్తి పనిని దెబ్బతీసేంతగా వస్తూ, నెలసరి మొదలవగానే తగ్గిపోతుంటే, అది గుణం కాదు. వైద్యం ఉన్న సమస్య. రెండు నెలలు తేదీలతో సహా రాసుకుని డాక్టరుకు చూపించండి.

ఈ వయసులోనే వేధింపు కూడా ఎదురవుతుంది. పదిమందీ ఆ పైన పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకంటే చిన్న కొట్టయినా, ఒక ఇంట్లో పనిచేసేవాళ్లయినా జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. గడువు మూడు నెలలు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. తేదీ, చోటు, అన్న మాట, చూసినవాళ్లు, ఇవన్నీ ఆ రోజే కాగితం మీద పెట్టండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది తర్వాత నిర్ణయించుకోవచ్చు. కాగితం మాత్రం ఉండాలి. మనసులో మోసేకన్నా కాగితంలో ఉంటే నిద్ర కూడా కాస్త పడుతుంది.

నైట్ డ్యూటీ గురించి నర్సులకు చెప్పేంత అనుభవం ఎవరికీ ఉండదు గానీ, కొన్ని సంగతులు చెప్పకుండా ఉండలేను. నైటు చేసి వచ్చి పొద్దున్నే ఇంటి పని ముగించుకుని పదకొండింటికి పడుకునే అలవాటు ఒంటికి అన్నిటికంటే పెద్ద దెబ్బ. తెల్లవారి ఎండ కళ్లలో పడగానే మెదడు పగలైందని నమ్ముతుంది, కార్టిసాల్ లేచి కూర్చుంటుంది. నైటు దిగి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలో, కొంగో కళ్లకు అడ్డం పెట్టుకోండి. ఇంటికి రాగానే తేలిగ్గా తిని, కిటికీకి ముదురు దుప్పటి కట్టి పడుకోండి. గిన్నెలు మధ్యాహ్నం దాకా ఎక్కడికీ పోవు. షిఫ్టుల క్రమం అడిగే అవకాశం ఉంటే ఫస్ట్, సెకండ్, నైట్ అనే ముందుకు సాగే వరస కోరండి. వెనక్కి తిరిగే వరస కంటే అది ఒంటికి పడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఎక్కువున్న వాటి జాబితాలో 2007లో చేర్చి, 2019లో మళ్లీ ఖాయం చేసింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏళ్ల తరబడి నైట్లు చేసినవాళ్లు రొమ్ముల్లో గడ్డలేమైనా ఉన్నాయేమో డాక్టరు చేత చూపించుకోవడంలో వాయిదా వేయకూడదని చెబుతున్నాను. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం ఆడవాళ్లను రాత్రి పూట పనిలో పెట్టాలంటే వాళ్ల సమ్మతి కావాలి, భద్రత ఏర్పాట్లు యజమాని చూడాలి. సంతకం అడిగినప్పుడు రాత్రి ఇంటికి చేర్చేదెవరు, ఏ బండిలో అని అడిగాకే పెట్టండి.

కడుపుతో ఉన్నప్పుడు కార్టిసాల్ పెరుగుతుందని ఎక్కడో చదివి బిడ్డకేమవుతుందోనని బెంబేలెత్తేవాళ్లున్నారు. చివరి నెలలకు అది మామూలు కంటే రెండు మూడింతలు పెరగడం సహజం. ఒత్తిడి కబురు మోసే హార్మోన్‌ను మాయ కూడా తయారు చేస్తుంది. అదే మాయలో ఉండే ఒక ఎంజైము తల్లి కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని బిడ్డ దాకా పోకుండా ఆపుతుంది. టెన్షన్ పడినందుకు టెన్షన్ పడకండి. అసలు జాగ్రత్త కాన్పు తర్వాత కావాలి. మాయ బయటికి రావడంతో ఆ హార్మోన్లన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. మూడో రోజు, అయిదో రోజు ఊరికే కన్నీళ్లు రావడం, రెండు వారాల్లో సర్దుకోవడం మామూలు. రెండు వారాలు దాటినా బిడ్డ మీద మమకారం కలగక, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టక, నేను పనికిరానిదాన్ననే తలపు వదలకపోతే అది బాలింత దిగులు. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2017లో తేల్చిన లెక్క ప్రకారం సుమారు 22 శాతం బాలింతల్లో ఇది కనబడుతోంది. అయిదుగురిలో ఒకరికి పైనే అన్నమాట. గాలి సోకిందని తాయెత్తు కడితే కట్టనివ్వండి, దాంతో పాటు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి. పాలిస్తూ వేసుకోదగ్గ మందులున్నాయి.

ఇక్కడి తెలుగువాళ్లకు కాన్పు అంటే పార్వతీపురానికో, విజయనగరానికో రైలెక్కడం. 2024లో దుర్గ్ నుంచి విశాఖకు వందే భారత్ రావడంతో ప్రయాణం తేలికైంది. పుట్టిల్లు మంచి మందే. కానీ మూడో నెలలో తిరిగొచ్చి, బిడ్డతో ఒంటరిగా క్వార్టర్లో పడ్డాక దిగులు మొదలైతే చూసేవాళ్లుండరు. తిరిగొచ్చిన మొదటి నెల ఎవరో ఒకరు తోడుండేలా ముందే ఏర్పాటు చేసుకోండి. సెలవు విషయంలో మొహమాటం వద్దు. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు 2017 నుంచి చట్టంలో ఉంది. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఠేకేదారు కింద పనిచేసేవాళ్లు ఈ 80 రోజుల మాట బాగా గుర్తుంచుకోవాలి. హాజరు కార్డు, జీతం చీటీ ఫోటోలు తీసి పెట్టుకోండి. ఈఎస్ఐ కటింగ్ అవుతున్నవాళ్లకు ఆ డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది. సెలవులో ఉండగా ఉద్యోగం నుంచి తీసేయడం చట్టవిరుద్ధం. తిరిగి చేరాక బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు, 50 మందీ ఆ పైన పనిచేసే చోట శిశు సంరక్షణ గది అడిగే హక్కు మీకుంది.

నలభై దాటినవాళ్ల సంగతికి వస్తే, ఈ వయసు మీద ఇంకా ఎవరూ సరిగా మాట్లాడడం లేదని నాకు బాధ. మన దేశంలో ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయే సగటు వయసు 46, 47 ఏళ్లు. పాశ్చాత్య దేశాల కంటే నాలుగైదేళ్లు ముందు. ఆగడానికి ముందు కొన్నేళ్ల పాటు ఈస్ట్రోజన్ ఇష్టం వచ్చినట్టు ఎగిరిపడుతుంది. ఒంట్లోంచి సెగలు, రాత్రి చెమటలు, నిద్ర తెగిపోవడం, మతిమరుపు, గుండె దడ, ఇవన్నీ వస్తాయి. దిగులు జబ్బు వచ్చే అవకాశమూ ఈ ఏళ్లలోనే ఎక్కువ. భిలాయ్ మే నెల ఎండలో, రేకుల షెడ్డు కింద ఆ సెగలతో నిలబడి పనిచేయడం ఏమిటో ఊహించండి. పనిచోట ఫ్యాను దగ్గర జాగా, తాగడానికి చల్లటి నీళ్లు, నూలు బట్టలు అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు. సూపర్‌వైజర్ మగవాడైతే కారణం చెప్పక్కర్లేదు, "వేడికి కళ్లు తిరుగుతున్నాయి సార్, అక్కడికి మార్చండి" అంటే చాలు.

ఇదే వయసులో చాలామంది నీరసాన్నంతా టెన్షన్ ఖాతాలో రాసేస్తారు. పొరపాటు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తం తక్కువని తేలింది. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా అచ్చం దిగులులాగే ఉంటుంది. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర, బీ12 చూపించుకోండి. కార్టిసాల్ పరీక్ష మాత్రం డాక్టరు రాస్తే తప్ప చేయించుకోకండి. అడ్రినల్ జబ్బులు పట్టడానికి అది పనికొస్తుంది గానీ, మీ అత్తగారితో గొడవ మీ ఒంటికి ఎంత నష్టం చేసిందో అది చెప్పదు. కార్టిసాల్ తగ్గించే పొడులంటూ అమ్మేవాటికి జీతం తగలేయకండి. అశ్వగంధ కూడా గర్భిణులకు పనికిరాదు, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు డాక్టరును అడక్కుండా వాడకూడదు.

అంతకంటే ప్రమాదకరమైన అలవాటు ఒకటుంది. ఒళ్లు నొప్పులనగానే ఆర్‌ఎంపీ దగ్గరో, మందుల కొట్లోనో ఇచ్చే చిన్న తెల్ల మాత్ర, లేకపోతే ఒక ఇంజెక్షన్. మర్నాడు పొద్దుటికి ఒళ్లు దూదిపింజలా తేలిపోతుంది. అందులో చాలాసార్లు ఉండేది డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్. అంటే బయట నుంచి తెచ్చి పోసిన కార్టిసాల్ వంటిదే. నెలల తరబడి వాడితే మొహం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, మన అడ్రినల్ గ్రంథి పని మానేస్తుంది. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. మాత్ర పట్టీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

ఇంట్లో మంచం పట్టినవాళ్లను చూసుకునే ఆడవాళ్ల గురించి ఒక పరిశోధన చెప్పి తీరాలి. 1995లో అమెరికాలో జానిస్ కీకోల్ట్ గ్లేజర్ బృందం మతిమరుపు జబ్బున్న ఆత్మీయులను చూసుకునే పదమూడు మంది ఆడవాళ్లకు, అలాంటి బాధ్యత లేని మరో పదమూడు మందికి చేతి మీద ఒకే కొలత చిన్న గాయం చేసి, మానే రోజులు లెక్కపెట్టింది. రోగిని చూసుకునేవాళ్లకు సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. మనసు బరువు చర్మం దాకా దిగుతుందనడానికి ఇంతకంటే కళ్లెదుటి సాక్ష్యం ఏం కావాలి? అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు ఆమె కొడుకులందరూ కూర్చుని వారంలో ఏ పూట ఎవరు చూస్తారో తేల్చాలి. ఊళ్లో ఉన్న కోడలికే అంతా వదిలేసి దూరాన ఉన్నవాళ్లు ఫోనులో పలకరించి ఊరుకుంటే కుదరదు. రాలేనివాళ్లు ఆయా జీతం పంపించాలి. ఈ మాట కోడలు చెబితే గొడవ, కొడుకు చెబితే నిర్ణయం. ఆయన చేత చెప్పించండి.

అప్పుల మాట కూడా ఇక్కడే. గ్రూపు లోను కిస్తీ వారం వారం కట్టాల్సి రావడం నిద్రను దోచే ఒత్తిడి. ఒక లోను కట్టడానికి ఇంకో లోను తీసుకోవడం ఎక్కడ మొదలైందో అక్కడే ఇంట్లో అందరికీ చెప్పేయండి. దాచిన అప్పు తీర్చిన అప్పు కంటే ఎక్కువ వడ్డీ తింటుంది, ఒంట్లోంచి.

భిలాయ్‌లో 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పని మొదలుపెట్టిన రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ల భార్యలు, కోడళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వయసు మీద పడేకొద్దీ సాయంత్రం కార్టిసాల్ తగ్గాల్సినంత తగ్గదు. దాని మీద భర్త రిటైరయ్యాడని క్వార్టర్ ఖాళీ చేయాల్సి వస్తే, ముప్పై ఏళ్లు పక్కపక్కన బతికిన ఇళ్లు ఒక్క నెలలో విడిపోతాయి. మగవాడికి పోయింది ఉద్యోగం. ఆమెకు పోయింది వీధి మొత్తం. రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందే ఎక్కడ ఉండబోతున్నాం అన్నది ఆమెతో కలిసి తేల్చండి. పిల్లల దగ్గరికి బెంగళూరో హైదరాబాదో వెళ్లినా ఆమె పేర బ్యాంకు ఖాతా, ఫ్యామిలీ పెన్షన్‌కు నామినేషన్, ఆసుపత్రి కార్డు, ఆమె సొంత ఫోనులో పాత ఇరుగుపొరుగుల నంబర్లు ఉండాలి. ఉద్యోగం చేసి రిటైరయ్యే ఆడవాళ్లకు ఇంకో జాగ్రత్త. మీరు ఇంట్లో ఉంటున్నారు కదా అని మనవళ్ల పెంపకం, వంట మొత్తం మీ మీద పడుతుంది. ప్రేమతో చేయండి, వారానికి ఒక రోజు సెలవు పెట్టి చేయండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలంటే, రెండు వారాల పాటు రోజులో ఎక్కువసేపు దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర తిండి చెడిపోవడం ఉంటే వెళ్లాలి. చచ్చిపోవాలనే తలపు ఒక్కసారి గట్టిగా వచ్చినా ఆ రోజే. ప్లాంటు ఉద్యోగుల కుటుంబాలకు సెక్టార్ 9 ఆసుపత్రి ఉంది, మిగతావాళ్లకు దుర్గ్ జిల్లా ఆసుపత్రి ఉంది. కాలు బయట పెట్టలేని స్థితిలో ఉంటే 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అది, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇంట్లో దెబ్బలు తగులుతుంటే 181. అది ఆడవాళ్ల హెల్ప్‌లైను. డాక్టరు ముందు కూర్చున్నాక "నీరసం" అన్న ఒక్క మాటతో ఆగిపోకండి. ఎన్ని గంటలకు పడుకుని ఎన్నింటికి లేస్తున్నారు, ఏ షిఫ్టు, నెలసరి తేదీ, ఏమేం మాత్రలు వేసుకుంటున్నారు, ఇంట్లో ఎవరిని చూసుకుంటున్నారు, ఇవన్నీ ముందు రోజే కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. హిందీలో చెప్పడానికి ఇబ్బందైతే మాట తెలిసిన ఒక స్నేహితురాల్ని వెంట తీసుకెళ్లండి. పిల్లల్ని దుబాసీలుగా కూర్చోబెట్టకండి.